బాల్కనీ కడ్డీకి ఎర్ర క్లిప్పు

లేదు, ఇంకోసారి చెప్తున్న, ఆ రోజు నేను ఎవ్వరి మాటా వినకుండ చేయలే. అందరి మాటా విన్న. అదే నా ప్రాబ్లం. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పిన్రు, పూటకో మాట మార్చిన్రు, ఆఖరికి తప్పు మాత్రం నా ఒక్కదాని మీద పడ్డది. మొన్న కూడా ఒక బర్త్‌డే పార్టీల కొత్తగ వచ్చిన తమ్ముడొకడు, "అక్కా, వాట్సాప్ చూసి ఆఫీస్ ప్లాన్ మొత్తం మార్చేసింది నువ్వేనంట కదా" అని నవ్విండు. బిర్యానీ ప్లేట్ పక్కకు పెట్టి మరీ లొల్లి చేసిన. సగం లొల్లి అక్కడ్నే మిగిలిపోయింది. అందుకే ఇది రాస్తున్న.

నేను రిటైరైన ముసల్దాన్ని కాదు. ముప్పై కూడా రాలే నాకు. కాని ఆ పని నుంచి మాత్రం రిటైర్ అయిన, మళ్ల ఆ దిక్కు పోయేది లేదు. గందుకే ఇప్పుడు జర్మనీల దిగుతున్న తమ్ముళ్లకు చెల్లెళ్లకు ఈ ఒక్క కథ చెప్పే హక్కు నాకుంది అనుకుంటున్న. నీతి అడగకుండ్రి. ఉంటే నాకే తెల్వదు.

ఊరు హానోవర్. ఇక్కడ ముసలోళ్ల ఇంటికే నర్సులు పోయి సూదులు వేసి, మందులిచ్చి, స్నానాలు చేయించే కంపెనీలుంటయ్. అట్లాంటి ఒక చిన్న కంపెనీల నన్ను సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికి తీసుకున్నరు. ఏ నర్సు ఏ ఇంటికి ఎన్నింటికి పోవాలె అని చూపించే యాప్ నా చేతుల ఉండేది. అంతవరకే నా డ్యూటీ. కరోనా వచ్చినంక ప్లాన్ వేసేటోళ్లు ఒకరెనక ఒకరు క్వారంటైన్ల పడ్డరు. నేను ఇంట్ల కూచొని లాప్‌టాప్ ముందు ఉంటుండె కాబట్టి, "కొన్ని రోజులు నువ్వే వెయ్యి" అన్నరు. ఆ కొన్ని రోజులు అట్లనే సాగినయ్. కూకట్‌పల్లిల పుట్టి, మాదాపూర్ ఆఫీసుల కోడ్ రాసుకున్న పిల్ల, హానోవర్‌ల ఏ ముసలాయన ఎన్నింటికి లేస్తడో, ఎవరింటి తాళం ఎవరి దగ్గరుందో బట్టీ పట్టింది.

ఇగ వాట్సాప్ గ్రూప్ సంగతి. లాక్‌డౌన్‌ల జనం ఒక్కొక్కరు ఒక్కో పిచ్చి పట్టుకున్నరు గదా, కొందరు రొట్టెలు చేసిన్రు, కొందరు మొక్కలు పెంచిన్రు. మేం ఆకాశం చూసినం. వాల్డార్ఫ్‌ల సాఫ్ట్‌వేర్ పని చేసే అన్న ఒకాయన మొదలుపెట్టిండు. హైదరాబాద్‌ల ఉన్నప్పటి నుంచే ఆయనకు వాన పిచ్చి. ఏ మబ్బు ఎల్బీనగర్ దాటి ఉప్పల్ పోతుందో రాడార్ చూసి చెప్పేటోడంట. ఇక్కడికి వచ్చి మంచు మీద పడ్డడు. అమెరికా వాతావరణ మోడల్, యూరప్ మోడల్ అని ఎర్ర నీలం మ్యాపులు పొద్దు మాపు పెడుతుండె. జర్మనీల ఉన్న తెలుగోళ్లు మస్తుమంది చేరిన్రు. కొలోన్‌ల చదువుకునే ఒక పోరడైతే మంచులో రీల్ తీసుకోవాలని రెండేండ్ల నుంచి ఎదురు చూస్తున్నడు, వాడికి ప్రతిసారి వానే పడేది. మీకు నవ్వొస్తది గని, ఆ చలికాలంల బయట కెఫే లేదు, ఇంటికి మనుషులు వచ్చేది లేదు, ఇండియా పోయేది లేదు. "వచ్చే వారం పడ్తదంట" అన్న మాట ఒక్కటే మాకు పండుగ.

ఆ గ్రూప్‌ల భాయ్ కూడ ఉన్నడు. పాతబస్తీ నుంచి వచ్చి ఇక్కడ నర్సింగ్ ట్రైనింగ్ చేసినోడు, మా కంపెనీలనే నర్సు. నాకు ఈ ఊర్ల ఉన్న ఒక్క దోస్త్. నన్ను ఆపా, అంటే అక్కా, అంటడు, నా కన్న పెద్దోడే అయినా. ఆయన రోజూ పొద్దుగాల మిస్‌బుర్గ్‌ల ఒక ముసలామెకు ఇన్సులిన్ వేయడానికి పోతుండె. చూపు తక్కువ ఆమెకు, సూది సొంతంగ వేసుకోలేదు. మేమందరం ఓమా అంటుంటిమి. ఇక్కడ అమ్మమ్మను అట్లనే పిలుస్తరు. ఆమెకు కూడ మా లెక్కనే పిచ్చి. బాల్కనీల పెద్ద అంకెల థర్మామీటర్, వాన కొలిచే గిన్నె, గాలి ఎటు తిరిగితే అటు తిరిగే రేకు కోడి. భాయ్ సూది వేసి అవి ఫోటో కొట్టి గ్రూప్‌ల పెడుతుండె. వాల్డార్ఫ్ అన్న మ్యాపు ఒక దిక్కు, ఓమా బాల్కనీ ఒక దిక్కు. నిజం చెప్పాలంటే ఓమానే ఎక్కువసార్లు గెలిచేది. ఆమెను నేను ఒక్కసారి కూడ చూడలే. ఆమె బాల్కనీ మాత్రం నాకు మా ఇంటి బాల్కనీ కన్న ఎక్కువ తెలుసు.

కరోనా రెండో చలికాలం. ఫిబ్రవరి. గ్రూప్ ఆ వారం మొత్తం నిద్ర పోలే. ఉత్తరం నుంచి గడ్డకట్టే గాలి, దక్షిణం నుంచి వెచ్చటి గాలి, రెండూ మా నెత్తి మీదనే కొట్లాడుకుంటయంట. కొట్లాట ఏ గీత మీద జరిగితే ఆ గీత మీద మంచు. గీత పైకి పోతే మాకు వాన. కిందికి పోతే ఉత్త చలి. గురువారం గీత మా మీద ఉండె. శుక్రవారం పైకి పోయింది. శనివారం పొద్దుగాల మళ్ల మా మీదికొచ్చింది. నేను చేతుల ఫోన్‌తోనే బ్రష్ చేసుకున్న, ఫోన్‌తోనే చాయ్ పెట్టుకున్న, చాయ్ పొంగింది.

ఆ శనివారం పొద్దుగాల భాయ్ ఫోటో పంపిండు. ఓమా బాల్కనీ కడ్డీలకు ఒక ఎర్ర బట్టల క్లిప్పు పెట్టి ఉంది. రేపు సాయంత్రానికి మంచు ఇక్కడిదాకా వస్తదని ఓమా చెప్పిందంట. తన చిన్నతనంల తూర్పు గాలి ఇట్లనే తిరిగితే రెండు రోజులు తలుపు తెరుచుకోలేదంట. గ్రూప్ అంతా నవ్వింది. కొలోన్ పోరడు ఆ క్లిప్పుని స్టిక్కర్ చేసిండు.

నాకు నవ్వు రాలే. ఎందుకంటే నాకు ఆదివారం పొద్దుగాల టూర్లు, అంటే ఏ నర్సు ఏ ఇండ్లు తిరగాలె అన్న లిస్టులు, కనబడుతున్నయ్. సగంమంది నర్సులు క్వారంటైన్ల ఉన్నరు కాబట్టి మిగిలినోళ్లు ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు చిన్న కార్లు వేసుకొని తిరుగుతున్నరు. భాయ్ ఇల్లు లిండెన్‌ల, అంటే పడమట. ఓమా ఇల్లు మిస్‌బుర్గ్‌ల, తూర్పు చివర. మంచు పడి కార్లు ఆగితే ఎవ్వరూ ఎక్కడికీ పోలేరు. ఏ నర్సు ఇంటి దగ్గరి పేషెంట్లను ఆ నర్సుకే ఇస్తే మాత్రం నడుచుకుంట పోవచ్చు. యాప్‌ల అది గంట పని. అసలు చిక్కు తాళాలు. చానామంది ముసలోళ్ల ఇంటి తాళాలు మా ఆఫీస్ గోడకు వేలాడుతుంటయ్, నర్సులు తీసుకపోతరు. ప్లాన్ మారిస్తే శనివారం సాయంత్రం లోపలనే తాళాలు చేతులు మారాలె. ఆదివారం పొద్దున లేచి చూసి మారుద్దాం అంటే నడవదు.

మా షెఫిన్‌కి ఫోన్ చేసిన. షెఫిన్ అంటే కంపెనీ ఓనరమ్మ, ఇరవై ఏండ్లు తనే నర్సుగ తిరిగిన మనిషి. ఆమె నిమ్మలంగ విన్నది. ప్రతి సంవత్సరం టీవీలోళ్లు ఇట్లనే భయపెడుతరని, కిందటేడు కూడ ఇట్లనే అని చివరికి చినుకులు పడ్డయని చెప్పింది. కరోనా టైంల ముసలోళ్ల ముందర కొత్త మొహాలు నిలబెట్టడం తనకు ఇష్టం లేదంది. ఆఖరికి, "చూద్దాం" అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు మీరు చెప్పుండ్రి, చూద్దాం అంటే ఏంది? మాదాపూర్‌ల మా మేనేజర్ చూద్దాం అంటే దానికి ఒకటే అర్థం ఉండె. నువ్వు చేసేయ్, మంచిగ అయితే మనం చేసినం, ఖరాబ్ అయితే నువ్వు చేసినవ్. వద్దు అనాల్సి వస్తే వద్దు అంటరు గదా. ఆమె వద్దు అనలే.

అప్పుడే వాల్డార్ఫ్ అన్న ఫోన్. "చెల్లె, మధ్యాహ్నం మ్యాప్ వచ్చింది. గీత కిందికి జారింది. నీకు చలే, మంచు డౌట్." పొద్దుగాల వంద శాతం పక్కా అన్న నోరు అదే. ఆయన మీద అరిచిన. ఆయన తప్పు లేదు, మ్యాప్ మారితే ఆయనేం జేస్తడు, అయినా అరిచిన. గవర్నమెంట్ వార్నింగ్ చూస్తే హానోవర్ సరిగ్గ రంగు అంచు మీద ఉంది, సగం ఊరు ఎరుపు, సగం ఊరు నారింజ. భాయ్‌ని అడిగిన, మళ్ల ఓమాకు ఫోన్ చేసి కనుక్కోమన్న. "ఆపా, ఓమా క్లిప్పు తీయలే. ఇంకా కిందికి కూడ జరపలే. గాలి తూర్పు నుంచే ఉందంట." అంతే చెప్పిండు.

రెండు మోడళ్లు, ఒక గవర్నమెంట్, ఒక షెఫిన్, ఒక వాల్డార్ఫ్ అన్న. అందరినీ పక్కన పెట్టి బట్టల క్లిప్పుని నమ్మిన. ఎందుకు నమ్మిన అంటే ఇప్పటికీ చెప్పలేను. మిగిలినోళ్లందరు మాట మార్చిన్రు, క్లిప్పు ఒక్కటే జరగలే, గంతే.

నర్సులను ఆఫీసుకు రప్పించిన. మాస్కులు పెట్టుకొని, దూరం దూరం నిలబడి, తాళాలు మార్చుకున్నరు. కొందరు సణిగిన్రు. తర్వాత నేను ఒక్కో పేషెంట్‌కు ఫోన్ చేసి, వాతావరణం వల్ల రేపు వేరే నర్సు వస్తరు అని చెప్పిన. ఓమాకు కూడ చేసిన. ఆమెకు నర్సుగ మిస్‌బుర్గ్‌లనే ఉండే ఒక జర్మన్ ఆమెను పెట్టిన, రెండు వీధుల అవతలనే ఇల్లు. ఓమా మొత్తం విని, "ఆహా" అని పెట్టేసింది. ఆ ఆహా నాకు అప్పుడే జర గుచ్చుకుంది, కాని లైన్ల ఇంకా మస్తుమంది ఉండె.

ఆదివారం లేచి కర్టెన్ తీస్తే ఎదురు బిల్డింగ్ లేదు. మంచు పైనుంచి పడ్తలే, అడ్డంగ కొడుతున్నది. కార్లన్నీ తెల్లటి గడ్డలు. ట్రాములు బంద్. బస్సులు బంద్. గ్రూప్‌ల అరుపులు, వీడియోలు, స్టిక్కర్లు. వాల్డార్ఫ్ అన్న మొదటి నుంచి తను ఇదే అన్నట్టు ఒక పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టిండు. నేను యాప్ తెరిచి చూస్తే నర్సులు నడుచుకుంట పోతున్నరు, ఒక్కో ఇంటి పక్కన ఆకుపచ్చ టిక్కు పడ్తున్నది. ఒక్కో టిక్కుకు ఒక్కో సిప్పు చాయ్. జీవితంల అంత గర్వం నాకు ఎప్పుడూ కాలే.

ఒక్క టిక్కు పడలే.

మిస్‌బుర్గ్ నర్సు ఫోన్ చేసింది. పక్కింటోళ్లు బిల్డింగ్ గేటు తీసిన్రంట, తను ఓమా తలుపు ముందర నిలబడ్డదంట, ఓమా తీస్తలేదంట. మా దగ్గర తాళం లేని ఇండ్లల్ల అదొకటి, ఓమా ఎవరికీ ఇయ్యలే, లోపల గొలుసు కూడ వేసుకుంటది. ఫోన్ స్పీకర్ల ఓమా గొంతు వినబడ్తున్నది. "నా నర్సు మగపిల్లగాడు. నువ్వెవరో నాకు తెల్వదు. నిన్న ఎవరో ఫోన్ చేసి వేరే మనిషి వస్తదన్నప్పుడే నాకు అర్థమైంది. పోలీసులను పిలుస్త."

ఆ చలికాలం దొంగలు ముసలోళ్లకు ఫోన్లు చేసి, కరోనా టెస్ట్ చేయడానికి మనిషి వస్తడు అని చెప్పి ఇండ్లల్ల దూరుతున్నరు. అందరికీ తెలిసిందే. భాయ్‌ని లైన్లకు తీసుకుంటే ఆయన తల పట్టుకున్నడు. "ఆపా, నేనే చెప్పిన ఆమెకు. నేను తప్ప ఎవరొచ్చినా, ఎవరు ఫోన్ చేసినా తలుపు తీయొద్దని. కసమ్ వేయించుకున్న." మాస్కు, టోపీ, మఫ్లర్, వాటి మీద మంచు, నర్సు అట్లుంటే తలుపు సందుల నుంచి చూసి కన్న కూతురినైనా గుర్తుపట్టదు ఆమె.

సూది పడకుండ ఆమె తినదు. తినకుండ ఎక్కువసేపు ఉండొద్దు, ముందు రోజు వేసిన సూది ఇంకా ఒంట్ల పని చేస్తుంటది, షుగర్ పడిపోతది. అప్పటికే ఆమె టైం దాటింది. ఎమర్జెన్సీకి చేస్తే, లోపలి మనిషి మాట్లాడుతున్నదా అని అడిగిన్రు. మాట్లాడుతున్నది, తిడుతున్నది అని చెప్పిన. అయితే మాట్లాడలేనోళ్ల దగ్గరికి ముందు పోవాలె, ఆగుండ్రి అన్నరు. షెఫిన్ ఫోన్ చేసి ఈ టూర్ ఎవరు మార్చిన్రు అని అడిగింది. నేనే అన్న. ముందు ఆ తలుపు తెరిపించు, తర్వాత మాట్లాడుదాం అంది. ఈసారి మాత్రం ఆమె మాట నాకు మంచిగ అర్థమైంది.

భాయ్ బూట్లు వేసుకుంటున్నడు, నడిచి పోత అంటడు. లిండెన్ నుంచి మిస్‌బుర్గ్‌కి, ఆ గాలిల. పోయేసరికి మధ్యాహ్నం దాటుతది, ఆయన పేషెంట్లు మిగిలిపోతరు. కూచో అన్న. ఓమా ఇంటి ల్యాండ్‌లైన్‌కి భాయ్‌తో చేయించి, నేను కూడ ఆ లైన్లనే ఉన్న.

భాయ్ బతిలాడిండు. ఓమా విన్నది. "గొంతు నీదే బిడ్డా," అన్నది, "కాని పక్కన ఎవరో ఉండి నీతో మాట్లాడిస్తున్నరు. నాకు వినబడ్తున్నది." పక్కన ఉన్నది నేనే, నా ఊపిరే. ఊపిరి పట్టుకున్న. "నువ్వు నిజంగ స్వేచ్ఛగ మాట్లాడుతుంటే చెప్పు, నా క్లిప్పు ఎక్కడ పెట్టిన?"

"బాల్కనీల," అన్నడు భాయ్.

"బట్టల క్లిప్పు ఇంకెక్కడ ఉంటది. ఎన్నో కడ్డీకి?"

భాయ్‌కి తెల్వదు. నాకు వాట్సాప్‌ల టైప్ చేసిండు, ఆపా నేను ఫోటో కొట్టి పంపిన అంతే, చూడలే అని. నేను గ్రూప్ తెరిచి పైకి పైకి తోస్తున్న, తోసిన కొద్దీ సంబరాలే, స్నోమాన్లు, డ్యాన్సులు, కొలోన్ పోరడి ఏడుపు, వాడి దగ్గర మళ్ల వాన. ఆఖరికి దొరికింది. పెద్దగ చేసి చూసి, నా నోటితోని నేనే జర్మన్‌ల చెప్పేసిన. "అడ్డ కడ్డీలల్ల కింది నుంచి రెండోది. ఎర్ర క్లిప్పు. దాని పక్కన ఒక నీలం క్లిప్పు, సగం విరిగింది."

తర్వాత ఓమా, "నిన్న ఫోన్ చేసింది నువ్వే కదా. ఆ గొంతు ఇదే."

"అవును."

"నా క్లిప్పు సంగతి నీకెందుకు?"

"మీరు మంచు వస్తదని చెప్పినందుకే ప్లాన్ మార్చిన. మిగిలినోళ్లంతా మాట మార్చిన్రు. మీ మాట ఒక్కటే నమ్మిన."

"మరి ఆ ముక్క నిన్ననే చెప్పాలె గద, పిల్లా," అన్నది. ఇంకో ఫోన్ల, మిస్‌బుర్గ్ నర్సు దగ్గర, గొలుసు తీస్తున్న చప్పుడు వినబడ్డది.

టిక్కు పడ్డది. నేను బాత్రూంల పోయి నల్ల తిప్పి ఏడ్చిన. ఎందుకో తెల్వదు. సంతోషమా, సిగ్గా, చలా.

సాయంత్రం మిస్‌బుర్గ్ నర్సు ఓమా ఎట్లుందో చూడనీకి మళ్ల పోయినప్పుడు ఫోటో పంపింది. క్లిప్పు ఉన్న మూలకు గాలి మంచును కుప్ప చేసింది, క్లిప్పు మునిగింది. అదే బాల్కనీల ఇంకో మూలకు నేల కనబడ్తున్నది. ఇంక చూస్కోండ్రి, గ్రూప్‌ల రెండు పార్టీలు. ఓమా గెలిచింది అనేటోళ్లు, అది కుప్ప, లెక్కల రాదు అనేటోళ్లు. ఇప్పటికీ తేలలే.

నా సంగతి కూడ అంతే. రోడ్లు తెరిచినంక షెఫిన్ ఆఫీసుకు పిలిచింది. ఒకే టేబుల్ మీద రెండు పెట్టింది. ఒకటి అబ్‌మానుంగ్, అంటే ఇంకోసారి ఇట్ల చేస్తే ఉద్యోగం పోతదని రాసిచ్చే హెచ్చరిక. రెండోది నేను మార్చిన ప్లాన్ ప్రింటవుట్. ఇకనుంచి మంచు కాలానికి ఇదే మన ప్లాన్, మంచిగ శుభ్రంగ రాసియ్యి అన్నది.

నాకు దిమాక్ పని చేయలే. ప్లాన్ మంచిదా చెడ్డదా అని అడిగిన. మంచిదే అన్నది. నువ్వు చేసిన పద్ధతి మంచిది కాదు అన్నది. నేను మిమ్మల్ని అడిగిన కదా, మీరు చూద్దాం అన్నరు కదా అన్న. ఆమె నా దిక్కు నిజంగనే అర్థం కానట్టు చూసింది. "చూద్దాం అంటే చూద్దాం. ఇద్దరం కలిసి చూడడం." కోపంగ కూడ అనలే. తన మాటల తనకు ఏ డొంకతిరుగుడు లేదు. శనివారం రాత్రంతా బయటికి పోయే బట్టలు వేసుకునే కూచున్నదంట, నేను మళ్ల ఫోన్ చేస్తనని. ఆ మాట విన్నంక నా కోపం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

భాయ్ కూడ నా దిక్కు పూర్తిగ నిలబడలే. "ఆపా, ప్లాన్ కరెక్ట్. కాని ఓమా ఆకలితోని అంతసేపు తలుపు వెనక నిలబడ్డది," అన్నడు. ఆమెకు తలుపు తీయొద్దని చెప్పింది ఎవరు అని నేనన్న. రెండు రోజులు మాట్లాడుకోలే. మూడోనాడు ఆయనే ఓమా బాల్కనీ ఫోటో పంపిండు. క్లిప్పు కింది కడ్డీకి జరిగింది. "కరుగుతదంట. నీకు చెప్పమన్నది" అని కింద రాసిండు. నాకు. గ్రూప్‌కు కాదు, నాకు.

ప్లాన్ శుభ్రంగ రాసిచ్చిన. హెచ్చరిక మీద సంతకం పెట్టిన. ఆ ఎండాకాలం వేరే ఉద్యోగం చూసుకొని వచ్చేసిన, ఇప్పుడు ముసలోళ్లు లేరు, తాళాలు లేవు, ఉత్త కోడ్. చలికాలం రాగానే మాత్రం పనిల ఉన్నా ఫోన్ తీసి మ్యాప్ చూస్త. గీత పైకి పోతది, కిందికి పోతది. ఏది నమ్మాల్నో అప్పుడు తెల్వలే, ఇప్పుడూ తెల్వదు.

ఒక్కటి మాత్రం అడుగుత. బర్త్‌డే పార్టీల నవ్విన తమ్మునికి, ఇది చదివి నన్ను తప్పు పట్టేటోళ్లందరికి కూడ. ఆ శనివారం సాయంత్రం నా కుర్చీల మీరు కూచున్నరు. మ్యాపులు మారుతున్నయ్, షెఫిన్ చూద్దాం అన్నది, క్లిప్పు ఒక్కటి జరగకుండ ఉన్నది. తాళాలు గోడకే ఉంచుతుంటిమి అంటరా? అయితే ఆదివారం పొద్దుగాల ఆ యాప్‌ల ఏ ముసలోళ్ల ఇంటి టిక్కు లేకుండ వదిలేస్తుంటిరో, నా మొహం చూసి చెప్పే దమ్ము మీల ఎవరికుంది?